ఓలాన్ పాదాలు: 'ది గుడ్ ఎర్త్' తెర అనుసరణలో పాత్ర, దేహం, వేషం

పెర్ల్ బక్ నవల 'ది గుడ్ ఎర్త్' (1931) ఒక పెళ్ళిరోజుతో మొదలవుతుంది. వాంగ్ లంగ్ అనే పేద రైతు, హ్వాంగ్ వారి పెద్ద లోగిలిలో వంటశాల దాసిగా ఉన్న ఓలాన్‌ను భార్యగా తెచ్చుకోవడానికి వెళ్తాడు. తొలిచూపులోనే అతనికి ఒక నిరాశ కలుగుతుంది. ఆమె పాదాలు కట్టి చిన్నవి చేసినవి కావు. ముదురు చాయ, చదరపు ముఖం, అందమని చెప్పుకోదగినదేదీ లేని ఓపికగల ముఖం. మశూచి మచ్చలు లేవు, పెదవి చీలి లేదు, అంతవరకు నయమని అతడు తృప్తిపడతాడు. ఓలాన్‌ను గురించి పాఠకునికి మొదట తెలిసే సంగతులు ఇవే. ఆమె మాట కంటె ముందు ఆమె దేహం కథలోకి వస్తుంది.

1937లో ఎం.జి.ఎం. సంస్థ ఈ నవలను తెరకెక్కించినప్పుడు ఓలాన్ పాత్రను జర్మనీలో పుట్టిన లూయిజ్ రైనర్ ధరించారు. వాంగ్ లంగ్‌గా పాల్ ముని, అతడు ధనవంతుడైన తరువాత ఇంటికి తెచ్చుకున్న లోటస్‌గా ఆస్ట్రియా నర్తకి టిల్లీ లాష్ నటించారు. ముసలి తండ్రి, పినతండ్రి పాత్రలు కూడా శ్వేతజాతి నటులవే. రైనర్‌కు ఉత్తమనటిగా ఆస్కార్ పురస్కారం లభించింది. అంతకు ముందు సంవత్సరం 'ది గ్రేట్ జీగ్‌ఫెల్డ్' చిత్రానికి కూడా ఆమే ఆ పురస్కారం పొందారు. నవలకు 1932లో పులిట్జర్ బహుమతి, రచయిత్రికి 1938లో నోబెల్ బహుమతి వచ్చాయి. ఇంతటి ప్రతిష్ఠ గల అనుసరణ కావడం వల్లనే తెరపై శ్వేతీకరణను చర్చించే ప్రతివారూ ఈ చిత్రాన్ని ఉదాహరిస్తారు. అయితే ఆ ఉదాహరణ సాధారణంగా ఒక వాక్యంతో ముగిసిపోతుంది. చైనా పాత్రలకు చైనా నటులను తీసుకోలేదు, అది అన్యాయం అనేదే ఆ వాక్యం. అది సత్యమే. కాని ఆ అన్యాయం నటులకు మాత్రమే జరిగిందా, నవలకు కూడా జరిగిందా అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థికి మిగిలే ఉంటుంది. నటుల ఎంపిక అనుసరణకు వెలుపలి వ్యాపార నిర్ణయం కాదనీ, అది మూలగ్రంథాన్ని చదివే ఒక పద్ధతి అనీ, ఈ చిత్రంలో ఆ పఠనం ఓలాన్ కథనే మార్చివేసిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

పరిభాష గురించి ఒక మాట. ఇంగ్లీషులో ఈ ధోరణిని 'వైట్‌వాషింగ్' అంటారు. మనకు వెల్ల వేయడమంటే పండుగకు ముందు గోడలకు చేసే శుభమైన పని కాబట్టి ఆ మాటలోని ఎత్తిపొడుపు తెలుగులోకి రాదు. అందువల్ల ఇక్కడ శ్వేతీకరణ అనే పదాన్ని వాడుతున్నాను. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. పాత్ర జాతిని అలాగే ఉంచి, శ్వేతజాతి నటుడే రంగు పూసుకొని ఆ వేషం కట్టడం ఒకటి. ఆసియా పాత్రల విషయంలో దీనిని 'ఎల్లోఫేస్' అంటారు. 'ది గుడ్ ఎర్త్' ఈ కోవకు చెందినది. పాత్రనే శ్వేతనటి దేహానికి అనుగుణంగా మలచడం రెండవది. మసమునే షిరో జపాన్ బొమ్మల కథ ఆధారంగా 2017లో వచ్చిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' చిత్రంలో ప్రధానపాత్రను స్కార్లెట్ జొహాన్సన్‌కు ఇవ్వడం ఇందుకు సమీపకాలపు నిదర్శనం. మొదటిదానిలో రంగు కనిపిస్తుంది కాబట్టి నేటి ప్రేక్షకుడు వెంటనే గుర్తుపడతాడు. రెండవదానిలో గుర్తుపట్టడానికి మూలం చదివి ఉండాలి. అయితే మొదటి రకంలో కూడా మూలం చదవకపోతే తెలియని నష్టం ఉంటుందని ఓలాన్ పాత్ర చెబుతుంది.

పాదాలు, ముత్యాలు

నవలలో పాదాలు అలంకారవర్ణనలో భాగం కావు. అవి ఒక ఆర్థికవ్యవస్థకు గుర్తులు. పదేళ్ళ వయసులో కరవుకాలాన తల్లిదండ్రులు అమ్మివేసిన పిల్ల ఓలాన్. అంత చిన్నతనంలో అమ్ముడుపోయిన పిల్లకు పాదాలు కట్టే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ కట్టని పాదాల మీద నిలబడే ఆమె భర్తతో సమానంగా పొలంలో పనిచేసింది. ప్రసవించిన రోజునే తిరిగి పొలానికి వచ్చింది. ఆమె ఆ పని చేయగలగడం వల్లనే వాంగ్ లంగ్ భూమి కొన్నాడు. ఆ భూమి వల్లనే ధనవంతుడయ్యాడు. ధనవంతుడైన తరువాత ఒకనాడు తీరికగా ఆమె వైపు చూసి, పెద్ద పాదాలని అసహ్యించుకున్నాడు. ఆమె బల్ల కిందికి పాదాలను దాచుకొని, చిన్నమ్మాయి పాదాలు కడతానని మెల్లగా చెబుతుంది.

ఆ తరువాత వచ్చే చిన్న సన్నివేశం నవలలో అన్నిటికంటె కఠినమైనదని నా అభిప్రాయం. చిన్నకూతురు కళ్ళనీళ్ళతో తిరుగుతుంటే తండ్రి కారణం అడుగుతాడు. తల్లి తన పాదాలు గట్టిగా కడుతున్నదనీ, బిగ్గరగా ఏడవవద్దన్నదనీ ఆ పిల్ల చెబుతుంది. ఏడిస్తే నాన్న జాలిపడి కట్లు విప్పించవచ్చు. విప్పితే రేపు మొగుడు తనను ప్రేమించడు, నాన్న అమ్మను ప్రేమించనట్లే. పిల్ల అమాయకంగా చెప్పిన ఈ మాట వాంగ్ లంగ్‌కు కత్తిపోటులా తగులుతుంది. తనకు తెలుసని భార్యకు కూడా తెలుసన్న సంగతి అతనికి అప్పుడు తెలుస్తుంది. ఓలాన్ తన నోటితో ఒక్క నింద కూడా చేయదు. ఆమె పాదాలు, వాటిని చూసి తల్లి తీర్పును నేర్చుకున్న కూతురి పాదాలు ఆ నింద చేస్తాయి.

చిత్రంలో ఈ పాదాల కథకు చోటు దొరకలేదు. దానికి బదులుగా పీచుచెట్టు వచ్చింది. పెళ్ళిరోజున దారిలో వాంగ్ లంగ్ పండు తిని పారేసిన టెంకను ఓలాన్ ఏరి తెచ్చి నాటుతుంది. అది పెరిగి చెట్టవుతుంది. నవలలో పీచుపండ్లు ఉన్నాయి కాని ఈ టెంక, ఈ చెట్టు చిత్రరచయితల కల్పనలు. కల్పన చేయడం తప్పు కాదు. తెరకు ఒక ప్రతీక కావలసివచ్చింది, చెట్టు అందమైన ప్రతీకే. కాని పాదాలు చేసే పనిని చెట్టు చేయదు. చెట్టు పూస్తుంది, పాదాలు నిలదీస్తాయి.

ముత్యాల విషయంలో మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణాది నగరంలో జనం ఒక ధనవంతుని ఇంటిపై పడి దోచుకున్నప్పుడు ఓలాన్‌కు రత్నాల మూట దొరుకుతుంది. దానితోనే వాంగ్ లంగ్ భూమి కొంటాడు. ఆమె తనకోసం రెండు చిన్న ముత్యాలను మాత్రం ఉంచుకోనిమ్మని అడుగుతుంది. పెట్టుకోవడానికి కాదు, దగ్గర ఉంచుకోవడానికి. లోటస్ మోజులో పడిన వాంగ్ లంగ్ ఒకరోజు, ఆమె చెరువుగట్టున తన బట్టలు ఉతుకుతుండగా వచ్చి, ఆ ముత్యాలు కూడా తీసుకుపోతాడు. నవలలో ఆమెకు అవి మళ్ళీ దక్కవు. ఆమెను పూడ్చిపెట్టిన రోజున అతనికి గుర్తుకువచ్చేది ఆ ముత్యాలే. చిత్రంలో మాత్రం మిడుతలదండును ఎదుర్కొన్న తరువాత వాంగ్ లంగ్‌కు కనువిప్పు కలుగుతుంది. ఓలాన్ కన్నుమూసేలోపు ముత్యాలు తిరిగి ఆమె చేతికి వస్తాయి. అతడు బయటికి వచ్చి, పూచిన పీచుచెట్టు దగ్గర నిలిచి, ఆమెనే భూమిగా సంబోధిస్తాడు. అక్కడ చిత్రం ముగుస్తుంది. నవల ఇంకా చాలా దూరం నడుస్తుంది. ముసలివాడైన తండ్రి నేల అమ్మవద్దని వేడుకుంటుంటే, అమ్మబోమని మాట ఇస్తూనే కొడుకులు అతని తల మీదుగా ఒకరినొకరు చూసి నవ్వుకోవడంతో అది ముగుస్తుంది.

ఈ మార్పులకూ నటుల ఎంపికకూ సంబంధమేమిటని అడగవచ్చు. నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్, దర్శకుడు సిడ్నీ ఫ్రాంక్లిన్ సుఖాంతం కోరి కథ మార్చారని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఒకసారి పాల్ ముని వంటి అగ్రనటునికి వాంగ్ లంగ్ పాత్రను అప్పగించిన తరువాత, ప్రేక్షకుల క్షమకు అర్హుడు కాని వాంగ్ లంగ్‌ను తెరపై ఉంచడం కష్టం. తార ఉన్నచోట పశ్చాత్తాపం ఉండవలసిందే. అట్లే, లూయిజ్ రైనర్ ఓలాన్ అయిన తరువాత 'ఈమెలో అందం లేదు' అనే వాక్యం ప్రేక్షకుని కంటి ముందు నిలవదు. రైనర్ నటన తక్కువదని నేను అనడం లేదు. వంచిన తల, మాటకు ముందు ఒక క్షణం ఆగే అలవాటు, కరవు సన్నివేశాలలోని మౌనం ఈనాటికీ చూడదగినవి. అయితే మేకప్ కింద ఒక అందగత్తె ఉన్నదని ప్రేక్షకునికి తెలుసు. ఆమె తన అందాన్ని దాచుకొని నటించడాన్ని త్యాగంగా మెచ్చుకుంటాడు. నవలలోని ఓలాన్‌కు దాచుకోవడానికి పాదాలు తప్ప ఏమీ లేవు.

నియమావళి ఒక్కటే కారణమా?

లాస్ ఏంజెలస్‌లో 1905లో పుట్టిన అన్నా మే వాంగ్ ఒక లాండ్రీ యజమాని కూతురు. 'ద టోల్ ఆఫ్ ద సీ' (1922), 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924), 'షాంఘై ఎక్స్‌ప్రెస్' (1932) చిత్రాలతో ఆమె అప్పటికే ప్రసిద్ధురాలు. ఓలాన్ పాత్రకు తగిన నటి ఆమెనే అని చాలామంది భావించారు. ఆమెకు లోటస్ పాత్రకు మాత్రం పరీక్ష జరిగింది. చివరికి అదీ ఆమెకు రాలేదు. దీనికి సినిమా చరిత్రలు ఒక కారణం చెబుతాయి. 1930లో రూపొంది 1934 నుండి కఠినంగా అమలైన హాలీవుడ్ నిర్మాణ నియమావళి జాత్యంతర సంబంధాలను తెరపై నిషేధించింది. వాంగ్ లంగ్‌గా పాల్ మునిని నిర్ణయించారు కాబట్టి అతని భార్యగా చైనా నటి ఉండరాదు అనేది ఆ వివరణ.

ఈ వివరణలోని వింతను గమనించాలి. కథలో భార్యాభర్తలిద్దరూ చైనావారే. అక్కడ జాత్యంతరమేమీ లేదు. అంటే నియమావళిని అమలుపరచినవారు పాత్రలను చదవలేదు, పాత్రల వెనుక ఉన్న దేహాలను చదివారు. వేషాన్ని నమ్మి టిక్కెట్టు కొనవలసినవాడు ప్రేక్షకుడు. వేషాన్ని అమ్మిన పరిశ్రమ మాత్రం దానిని ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

అయినా ఈ వివరణ పూర్తి కాదని నాకు అనిపిస్తుంది. అందుకు మూడు ఆధారాలు ఉన్నాయి. నియమావళి పాఠంలో ఉన్నది శ్వేత, నల్లజాతుల మధ్య సంబంధాల ప్రస్తావన. ఆసియావారికి దానిని వర్తింపజేసినది ఆచరణ. రెండవది, నియమావళి కఠినంగా అమలు కాకముందే, 1932లో న్యూయార్క్ థియేటర్ గిల్డ్ ఈ నవలను నాటకంగా ప్రదర్శించినప్పుడు ఓలాన్‌గా ఆలా నజిమోవా, వాంగ్ లంగ్‌గా క్లాడ్ రెయిన్స్ నటించారు. రంగస్థలానికి ఆ సినిమా నియమావళి లేదు. అయినా ఫలితం అదే.

మూడవ ఆధారం చిత్రంలోనే ఉన్నది. అది అన్నిటికంటె ముఖ్యమైనది. వాంగ్ లంగ్ కొడుకులుగా చైనా అమెరికన్ నటులు కీ ల్యూక్, రోలాండ్ లుయి నటించారు. తల్లిదండ్రులు శ్వేతజాతివారు, పిల్లలు చైనావారు అయిన ఈ కుటుంబం ఒకే చట్రంలో కనిపించినప్పుడు కలిగే విడ్డూరం అటుంచుదాం. కథలో లోటస్ చిన్నకొడుకును ప్రలోభపెడుతుంది. ఆ ఘట్టంలో ఉన్నవారు టిల్లీ లాష్, రోలాండ్ లుయి. శ్వేతజాతి నటికీ చైనా సంతతి నటునికీ మధ్య రహస్య శృంగార సూచన నియమావళి కాలంలోనే, అదే చిత్రంలో, తెరకెక్కింది. దేహాల మధ్య దూరమే నియమమైతే ఈ సన్నివేశం ఉండరాదు. దీనిని బట్టి నిషిద్ధమైనది స్పర్శ కాదనుకోవాలి. కథకు కేంద్రంలో నిలిచి, ప్రేక్షకుని సానుభూతిని, గౌరవాన్ని పొందే దాంపత్యం ఒక చైనా ముఖానికి దక్కడమే నిషిద్ధం. పతనానికి, ప్రలోభానికి, పక్క పాత్రలకు ఆ ముఖం పనికివస్తుంది. అన్నా మే వాంగ్‌ను ఓలాన్‌కు కాక లోటస్‌కు పరీక్షించడంలోని తర్కం కూడా ఇదే. ఒకే నటి, ఒకే ముఖం. సహధర్మచారిణి పాత్రకు పనికిరానిది, ఇల్లు కూల్చే స్త్రీ పాత్రకు పరిశీలనార్హమైనది.

రచయిత్రి చైనా నటులే ఉండాలని కోరుకున్నట్లూ, అమెరికన్ ప్రేక్షకులకు అమెరికన్ తారలు కావాలన్న సమాధానం వచ్చినట్లూ చరిత్రకారులు నమోదు చేశారు. ఇక్కడ పెర్ల్ బక్ స్థానం కూడా చర్చనీయమే. మతప్రచారకుల కూతురుగా చైనాలో పెరిగి, ఆ భాషను బాల్యంలోనే నేర్చి, 'షుయ్ హు చువాన్' వంటి ప్రాచీన నవలను 'ఆల్ మెన్ ఆర్ బ్రదర్స్' (1933) పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చిన ఆమె కూడా ఒక అర్థంలో వేషధారిణే. చైనా మేధావులలో కొందరు ఆమె చిత్రించిన పల్లెను అంగీకరించలేదు. అంటే మూలం శుద్ధమైనదీ, తెర దానిని మలినం చేసిందీ అని చెప్పే సౌలభ్యం మనకు లేదు. అయితే నవలలోని మాటకు ముఖం ఉండదు. ఓలాన్ ముదురు చాయను ప్రతి పాఠకుడూ తనకు తెలిసిన ఒక పల్లెటూరి స్త్రీ నుండి తెచ్చుకుంటాడు. తెర ఆ స్వేచ్ఛను తీసుకొని ఒకే ముఖాన్ని ఇస్తుంది. అందువల్ల తెర బాధ్యత ఎక్కువ.

వేషం అనే ఆక్షేపం

నాటకసంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయక మానడు. నటన అంటేనే తాను కానివాడు కావడం. 'శ్రీకృష్ణ తులాభారం'లో స్థానం నరసింహారావు సత్యభామ అయ్యారు. భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ అయ్యారు. వారిని చూసి ఆడవారే నడక నేర్చుకున్నారని చెప్పుకుంటాం. పురుషుడు సత్యభామ కాగలిగినప్పుడు జర్మన్ యువతి ఓలాన్ ఎందుకు కారాదు?

ఈ ఆక్షేపణకు నాట్యశాస్త్రంలోనే సమాధానం వెదకవచ్చు. భరతుడు ఆహార్యాభినయ ప్రకరణంలో ఏ పాత్రకు ఏ రంగు పూయాలో విధించాడు. శకులు, యవనులు మొదలైనవారికి గౌరవర్ణం. కిరాత, బర్బర, ఆంధ్ర, ద్రమిళులకు నల్లని వర్ణం. బ్రాహ్మణ క్షత్రియులకు గౌరం, వైశ్య శూద్రులకు శ్యామం. మనల్ని నల్లగా పూయమని శాస్త్రమే చెప్పినదన్నమాట. కాని ఆ రంగు తాను రంగునని చెప్పుకునే రంగు. దానిని భరతుని పరిభాషలో నాట్యధర్మి అనవచ్చు. చూసేవాడికీ చేసేవాడికీ మధ్య ఒప్పందం ఉంటుంది, ఎవరూ మోసపోరు. 'ది గుడ్ ఎర్త్' చిత్రం అటువంటిది కాదు. ఒక చిత్రబృందాన్ని చైనాకు పంపి దృశ్యాలు తీయించారు, సామగ్రి సేకరించారు. లాస్ ఏంజెలస్ సమీపాన చాట్స్‌వర్త్‌లో చైనా పొలాలను నిర్మించారు. చైనా ప్రభుత్వ ప్రతినిధి పర్యవేక్షణకు కూడా ఒప్పుకున్నారు. నాగలి నిజం, నేల నిజం, జనసమ్మర్దంలోని ముఖాలు నిజం. పూర్తిగా లోకధర్మిలో నడిచే ఈ చిత్రంలో రెండు మూడు ముఖాలు మాత్రమే నాట్యధర్మికి చెందినవి. పైగా అవి తమను నాట్యధర్మి అని ఒప్పుకోవు. నాగలికి ఇచ్చిన గౌరవం దానిని పట్టిన చేతికి ఇవ్వలేదు.

పీటర్ బ్రూక్ 'మహాభారత' (నాటకం 1985, చిత్రం 1989) దీనికి భిన్నమైన మార్గం చూపింది. అందులో భీష్ముడు బుర్కినా ఫాసోకు చెందిన సోతిగి కుయాతే, భీముడు సెనెగల్‌కు చెందిన మమదు దియుమే, ద్రౌపది మల్లికా సారాభాయ్. ఎవరూ మరొక జాతివారిలా కనిపించడానికి రంగు పూసుకోలేదు. బ్రూక్ మన ఇతిహాసాన్ని వాడుకున్న తీరు మీద రుస్తుం భరూచా వంటివారు చేసిన విమర్శ బలమైనది. కాని అది వేరే విమర్శ.

అయితే మన వేషసంప్రదాయాన్ని పూర్తిగా నిర్దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కూచిపూడి మేళంలో సత్యభామ వేషం పురుషుడిదే కావడానికి కారణం కళ మాత్రమే కాదు. మేళంలో స్త్రీకి చోటు లేకపోవడం. స్థానంవారి ప్రతిభను తగ్గించకుండానే ఈ మాట చెప్పవచ్చు. ఒక వేషం న్యాయమైనదా కాదా అన్నది రంగును బట్టి తేలదు. ఆ వేషం వేయగలిగిన మరొకరికి తలుపు తెరచి ఉన్నదా లేదా అన్నదానిని బట్టి తేలుతుంది. హాలీవుడ్‌లో పాల్ ముని చైనా రైతు కాగలిగారు, మెక్సికో నాయకుడు కాగలిగారు, ఫ్రెంచి శాస్త్రవేత్త కాగలిగారు. యిడ్డిష్ నాటకరంగం నుండి వచ్చిన ఆ వలస కుటుంబపు నటునికి ఆ స్వేచ్ఛ దొరకడం సంతోషించదగినదే. అన్నా మే వాంగ్‌కు ఫ్రెంచి స్త్రీ కావడం మాట అటుంచి, చైనా స్త్రీ కావడానికే అనుమతి లేదు.

మన తెర విషయంలో కూడా ఒక చిన్న ప్రశ్న వేసుకోవచ్చు. వ్యాసభారతంలో ద్రౌపది కృష్ణ. ఆ పేరు ఆమె మేనిచాయను బట్టి వచ్చింది. 'దానవీరశూరకర్ణ' (1977) రంగుల చిత్రం. అందులో కృష్ణునికి నీలివర్ణం పూశారు. శారద ధరించిన ద్రౌపదికి నల్లని ఆహార్యం లేదు. దేవుని నలుపును కాపాడడానికి మనకు ఒక సంప్రదాయం ఏర్పడింది, కథానాయిక నలుపుకు ఏర్పడలేదు. దీనిని హాలీవుడ్ జాతివివక్షతో సమానం చేయడం పొరపాటు. ఇక్కడ ఏ నియమావళీ లేదు, ఏ నటికీ జాతి కారణంగా దేశంలో పౌరసత్వం నిరాకరించబడలేదు. అమెరికాలో 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం 1943 దాకా అమలులో ఉన్నది. కాని మూలంలోని ముదురు చాయ తెర మీదికి వచ్చేసరికి అడగకుండానే తెల్లబడిపోవడమనే లక్షణం రెండు చోట్లా ఉన్నది. మన అనుసరణ విమర్శ కథలో మార్పులను, పాటల చేర్పులను లెక్కిస్తుంది. ఈ మార్పును ఇంతవరకు మార్పుగా లెక్కించలేదు.

గాడ్బోలే పాట

నియమావళి పోయిన తరువాత కూడా ఈ అలవాటు ఎలా బతికిందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా' (1924)ను డేవిడ్ లీన్ 1984లో తెరకెక్కించారు. డాక్టర్ అజీజ్ పాత్రను విక్టర్ బెనర్జీకి ఇచ్చిన అదే చిత్రంలో ప్రొఫెసర్ నారాయణ్ గాడ్బోలే పాత్రను ఆలెక్ గిన్నిస్ ధరించారు. సయీద్ జాఫ్రీ, రోషన్ సేథ్ ఇతర పాత్రలలో ఉన్నారు కాబట్టి భారతీయ నటులు దొరకలేదన్న సాకు లేదు.

నవలలో ఫీల్డింగ్ ఇంటి తేనీటి విందులో అతిథులు లేవబోతుండగా గాడ్బోలే హఠాత్తుగా ఒక పాట పాడతాడు. ఇంగ్లీషువారికి ఆ స్వరాలలో దారి తెలియదు. కాని నౌకర్లు గుసగుసలాడుకుంటారు. చెరువులో సింఘాడాలు ఏరుతున్నవాడు ఆనందంతో పెదవులు విప్పి, దిగంబరంగా నీటి నుండి బయటికి వస్తాడు. ఒక గోపిక కృష్ణుని రమ్మని వేడుకునే పాట అది. దేవుడు రాడు. మరొక పాటలోనైనా వస్తాడా అని మిసెస్ మూర్ అడుగుతుంది. రాడు అంటాడు గాడ్బోలే. ఫార్‌స్టర్ ఇక్కడ చేసిన ఏర్పాటు సూక్ష్మమైనది. గాడ్బోలే ఇంగ్లీషువారికి అర్థం కానివాడే గాని అర్థరహితుడు కాడు. అర్థమైనవాడు చెరువులో ఉన్నాడు. గిన్నిస్ ఎంత నిష్ఠగా చేసినా, ఆ పాత్రను ఫీల్డింగ్ కుర్చీలో కూర్చుని చూసినట్లు చేశారు. కనురెప్పల కదలిక, చేతుల విన్యాసం, మాటలో విరుపు అన్నీ బయటినుండి గమనించి సేకరించినవి. మర్మం చమత్కారంగా మారింది. చెరువులోని మనిషి వైపునుండి గాడ్బోలే ఎలా కనిపిస్తాడో తెర మనకు చెప్పదు.

అయితే చైనా నటి చేస్తే ఓలాన్ తప్పక నిజమైన ఓలాన్ అయ్యేదని అనడానికీ వీలు లేదు. 1936లో, ఓలాన్ పాత్ర చేజారిన తరువాత, అన్నా మే వాంగ్ చైనాకు ప్రయాణమయ్యారు. ఆ యాత్రను ఒక కెమెరామన్ చేత చిత్రీకరింపజేసుకున్నారు. అక్కడ ఆమెకు మాండరిన్ రాక దుబాసి కావలసివచ్చింది. హాలీవుడ్‌లో ఆమె వేసిన పాత్రలు చైనాను అవమానించాయని నిలదీసినవారు ఉన్నారు. లాస్ ఏంజెలస్‌లో పుట్టి పెరిగిన ఆ నగర యువతికి అన్‌హ్వే పల్లెలోని దాసీపిల్ల జీవితం తెలియదు. ఓలాన్ ఆమెకు కూడా వేషమే అయ్యేది. కట్టని పాదాల బరువును ఆమె కూడా నేర్చుకొనే నటించవలసివచ్చేది. ఆమె అడిగినది రక్తసంబంధం వల్ల వచ్చే హక్కును కాదు. నేర్చుకొని నటించడానికి ఇతర నటులకు ఉన్న అవకాశాన్ని.

'ది గుడ్ ఎర్త్' విడుదలైన 1937 సంవత్సరాంతంలోనే పారమౌంట్ సంస్థ 'డాటర్ ఆఫ్ షాంఘై' అనే చిత్రాన్ని విడుదల చేసింది. రాబర్ట్ ఫ్లోరీ దర్శకుడు. తక్కువ ఖర్చుతో, పెద్ద సినిమాకు తోడుగా వేయడానికి తీసిన చిన్న నేరకథ అది. దాని కథాబలం గురించి గొప్పగా చెప్పుకోవలసినదేమీ లేదు. తండ్రిని చంపిన ముఠాను పట్టుకోవడానికి బయలుదేరిన చైనా అమెరికన్ యువతిగా అందులో అన్నా మే వాంగ్ కథానాయిక. ఆమెకు జోడీగా చైనా అమెరికన్ ప్రభుత్వాధికారి పాత్రలో నటించిన ఫిలిప్ ఆన్ కొరియా సంతతివాడు. చివరి సన్నివేశంలో అతడు ఆమెను పెళ్ళి గురించి అడుగుతాడు.